ఆపే తేదీ లేని మందు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక ఒకటి ఉంటుంది. ఐరన్ చుక్కలు, విటమిన్ డి, కాల్షియం సిరప్పు. వాటి కింద, పుట్టాక చాలాకాలం ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డ అయితే, తరచుగా లాసిక్స్, దాని పక్కన ఆల్డాక్టోన్. రెండూ మూత్రం ద్వారా ఒంట్లో నీరు తీసే మందులు. ఎంత పోయాలి, రోజుకు ఎన్నిసార్లు పోయాలి అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఎన్నాళ్ళు అన్నచోట మాత్రం "కొనసాగించాలి" అని ఉంటుంది. నేను హైదరాబాదులో నవజాత శిశువుల వార్డులో నర్సుగా చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు ఆ పిల్లలే తిరిగి చూపించుకోవడానికి వచ్చే క్లినిక్‌లో ఉంటున్నాను. ఆ "కొనసాగించాలి" మీద నాకున్న అభ్యంతరం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల కోసం నీరు తీసే మందు ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. గడువు లేకుండా ఇవ్వడాన్ని తప్పు పడతాను. ఎందుకు ఇస్తున్నాం, ఏం మారితే పనిచేసినట్టు లెక్క, ఏ రోజున ఆపి చూస్తాం, ఈ మూడూ కేసు షీటులో రాయకుండా ఆ మందు మొదటి డోసు కూడా రెగ్యులర్‌గా రాయకూడదన్నది నా వాదన.

తల్లిదండ్రులకు మేం చెప్పేది సాధారణంగా ఇలా ఉంటుంది: "ఊపిరితిత్తుల్లో నీరు చేరిందమ్మా, నీరు తీసే మందు ఇస్తున్నాం." ఇది వాళ్ళకు చప్పున అర్థమవుతుంది. నిమ్ము చేయడం అంటే ఏమిటో తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. చెప్పింది అబద్ధమూ కాదు. కానీ సగమే చెప్పాం. 26, 27 వారాలకే పుట్టిన బిడ్డలో, గాలి మార్పిడి జరగాల్సిన చిన్నచిన్న గదులు ఇంకా ఏర్పడే ఉండవు. వాటి చోట గోడలు మందంగా ఉన్న సంచుల్లాంటివి ఉంటాయి. అలాంటి ఊపిరితిత్తి మీద వెంటిలేటర్ ఒత్తిడి, ఎక్కువ ఆక్సిజన్, ఇన్‌ఫెక్షన్ వచ్చి పడితే ఎదుగుదల అక్కడికక్కడ ఆగుతుంది. సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతిని వాటి నుంచి నీరు కారి ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. దీనినే డాక్టర్లు బీపీడీ అంటారు, అంటే బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో నార్త్‌వే, ఆయన సహచరులు దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు వాళ్ళు చూసినవాళ్ళు మనం ఇప్పుడు బతికిస్తున్న పిల్లలకంటే పెద్ద పిల్లలు. వాళ్ళలో గాయం, మచ్చ ప్రధానం. ఇప్పుడు మనం చూస్తున్నది ఎక్కువగా ఎదగడం ఆగిపోయిన ఊపిరితిత్తి. బిడ్డ 28 రోజులైనా ఆక్సిజన్ వదలలేకపోతే బీపీడీ అనుకుంటాం, గర్భం లెక్కన 36 వారాలు వచ్చేసరికి ఇంకా ఎంత సాయం కావాల్సి వస్తోందన్న దాన్నిబట్టి తీవ్రత తేలుస్తాం.

అంటే నీరు అనేది జబ్బు తాలూకు ఒక ఫలితం. అసలు జబ్బు, కట్టుబడి పూర్తికాని ఊపిరితిత్తి. గోడకు లోపలినుంచి చెమ్మ ఎక్కుతుంటే పైన సున్నం కొట్టినట్టే అవుతుంది, నీరు ఒక్కటే తీసి ఊరుకుంటే.

అయినా లాసిక్స్ చేసే మేలు నేను కళ్ళారా చూసినదాన్ని, దాన్ని తక్కువ చేసి చెప్పను. రక్తం ఎక్కించాక, లేదా సెలైన్ కాస్త ఎక్కువ పడ్డాక, ఒక్కోసారి బిడ్డ ఒక్కసారిగా డీలా పడుతుంది. డొక్కలు ఎగరేస్తుంది. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే అంకె, 86, 87 దగ్గర ఊగిసలాడుతుంటుంది, ఇచ్చే ఆక్సిజన్ శాతం పెంచుకుంటూ పోతాం. కిలోకు 1 మిల్లీగ్రాము లెక్కన నరంలోకి ఒక డోసు ఇస్తే గంటలో మనిషే మారిపోతుంది. విచిత్రం ఏమిటంటే మూత్రం పూర్తిగా రాకముందే ఈ మార్పు కనిపిస్తుంది. ఈ మందు రక్తనాళాలను కాస్త వదులు చేసి, ఊపిరితిత్తుల్లోని నీటిని నేరుగా కదిలిస్తుంది. కిడ్నీ పని ఆ తర్వాతిది. తర్వాత డైపరు తూస్తాం. ఎండు డైపరు బరువు తీసేస్తే వచ్చే ప్రతి గ్రామూ ఒక మిల్లీలీటరు మూత్రం. ఆ అంకె పెద్దదైతే వార్డులో అందరి ముఖాలూ తేటపడతాయి.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. గంటలో వచ్చిన మార్పును చూసి, వారాలపాటు ఇస్తే వారాల మేలు వస్తుందనుకుంటాం. పరిశోధనలు ఆ మాట చెప్పడం లేదు. లాసిక్స్ లాంటి మందుల మీద ఉన్న ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్షల్లో తేలింది: ఊపిరితిత్తి సాగే గుణం కొద్దికాలం మెరుగవుతుంది. వెంటిలేటర్ త్వరగా తీసేయగలిగారా, బతికినవాళ్ళు పెరిగారా, ఇంటికి త్వరగా వెళ్ళారా అన్నదానికి దీర్ఘకాల లాభం రుజువు కాలేదు. థయజైడ్ (ఇంకో రకం నీరు తీసే మందు), స్పైరనోలాక్టోన్ (ఆల్డాక్టోన్‌లో ఉండే మందు) కలిపి ఇచ్చే పద్ధతికి కాస్త మెరుగైన ఆధారాలున్నాయి. 3 వారాల వయసు దాటిన పిల్లలకు 4 వారాలపాటు ఇస్తే ఊపిరితిత్తుల పనితీరు బాగుపడింది, మధ్యలో లాసిక్స్ అవసరం తగ్గింది. కానీ ఈ ప్రయోగాలు చిన్నవి, చాలామటుకు 1980లు, 90ల తొలినాళ్ళవి. సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆపే పదార్థం), గర్భిణికి ముందే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అప్పటికి ఇంకా అంతటా అందుబాటులోకి రాలేదు. ఆ పిల్లలు వేరు, మన వార్డుల్లో ఉన్న పిల్లలు వేరు.

పుట్టగానే వచ్చే శ్వాస ఇబ్బందికి, అంటే సర్ఫాక్టెంట్ చాలక వచ్చేదానికి, మూత్రం మందు ఇవ్వడాన్ని సమర్థించే ఆధారం అసలే లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చప్పున కనిపించే మేలును నమ్మి నవజాత శిశువుల వైద్యం రెండుసార్లు పెద్ద మూల్యం చెల్లించింది. 1940ల్లో, 50ల్లో పిల్లలు గులాబీరంగులోకి వస్తున్నారని ఆక్సిజన్ ధారాళంగా పెట్టారు; వేలమంది చూపు పోయాకగానీ కారణం తేలలేదు. 1990ల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కువ మోతాదుల్లో ఇచ్చి వెంటిలేటర్లు గబగబా తీసేశారు. ఆ పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా కనిపించడంతో 2002లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, మామూలుగా అలా వాడొద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మూత్రం మందు ఆ స్థాయి ప్రమాదమని నేను అనడం లేదు. మానిటర్ మీద అంకె మారగానే సంతోషపడే మన అలవాటు గురించి అంటున్నాను.

ఇక ఖర్చు సంగతి. పైసల ఖర్చు కాదు, బిడ్డ ఒంట్లోంచి పోయే ఖర్చు.

పెద్దవాళ్ళ ఒంట్లో లాసిక్స్ సగానికి తగ్గడానికి గంట, రెండు గంటలు పడుతుంది. 31 వారాలలోపు పిల్లల్లో అదే 24 గంటలు దాటవచ్చు. 12 గంటలకొకసారి ఇస్తూ పోతే ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. వినికిడికి అది మంచిది కాదు. అదే బిడ్డ ఇన్‌ఫెక్షన్ కోసం అమికాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా తీసుకుంటుంటే ముప్పు ఇంకా ఎక్కువ, మన వార్డుల్లో ఆ రెండూ ఒకే షీటులో పక్కపక్కన ఉండడం అరుదేమీ కాదు.

మూత్రంతో పాటు సోడియం, పొటాషియం, క్లోరైడు, కాల్షియం పోతాయి. కాల్షియం మూత్రంలో పోవడం వల్ల కిడ్నీల్లో సున్నంలా పేరుకుంటుందని 1982లోనే రాశారు. స్కానింగ్ తీస్తే కిడ్నీ మధ్యలో తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. బయటికి ఏ లక్షణమూ ఉండదు, అందుకే వెతికినవాళ్ళకే దొరుకుతుంది. అసలే బలహీనంగా ఉన్న ఎముకల్లోంచి పోయేది కూడా ఆ కాల్షియమే. ఒక చేత్తో కాల్షియం సిరప్పు పోస్తూ ఇంకో చేత్తో దాన్ని బయటికి పంపే మందు పోస్తున్నామని చెబితే ఆ తల్లి మొహంలోకి చూడడం కష్టం.

క్లోరైడు విషయం మరీ జాగ్రత్తగా చూడాల్సింది, దీన్ని కొత్తగా చేరే సిస్టర్లకు నేను పనిగట్టుకుని చెబుతాను. క్లోరైడు, పొటాషియం తగ్గేకొద్దీ రక్తంలో బైకార్బొనేట్ పెరుగుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి బిడ్డ ఊపిరి నెమ్మదిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ నిలవ చేసుకుంటుంది. బ్లడ్ గ్యాస్ రిపోర్టులో ఆ అంకె చూసి "ఊపిరితిత్తులు ముదిరాయి" అనుకుని మందు మోతాదు పెంచితే? మందు తెచ్చిన మార్పునే జబ్బు అనుకుని, ఆ మందే ఇంకా పోస్తాం. బైకార్బొనేట్, క్లోరైడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడకుండా లాసిక్స్ డోసు పెంచాలన్న ఆర్డరు వస్తే, దయచేసి ఒక్క నిమిషం ఆగి "సార్, క్లోరైడు ఎంతుందో చూశారా" అని అడగండి. నర్సు అడగకూడని ప్రశ్న కాదు అది.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది బరువు. ఊపిరితిత్తుల్లో గాలి గదులు పుట్టాక కూడా కొన్నేళ్ళపాటు కొత్తవి ఏర్పడుతూనే ఉంటాయి. బీపీడీకి మన దగ్గరున్న అసలు వైద్యం అదే: బిడ్డ ఎదగాలి, బిడ్డతోపాటు ఊపిరితిత్తి ఎదగాలి. ఎదిగే నెలతక్కువ బిడ్డ రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాములు పెరగాలని చూస్తాం. ఉప్పు లేకుండా ఎదుగుదల లేదు. సోడియం తక్కువైన బిడ్డ పాలు ఎన్ని తాగినా బరువు పట్టదు. పైగా "ఊపిరితిత్తుల్లో నీరుంది" అని పాలు కూడా తగ్గిస్తాం. ఉప్పు తీసేసి, పాలు తగ్గించి, బరువు పెరగలేదని వాపోవడం ఎక్కడి న్యాయం? రోజూ పొద్దున బిడ్డను తూచి, రాసే అంకెను ఆశగా చూసే తల్లి పక్కన నిలబడ్డవాళ్ళకు తెలుసు ఆ 10 గ్రాముల విలువ.

ఇక్కడ డాక్టర్లు నాతో అనే మాట కూడా న్యాయంగా చెప్పాలి. "సిస్టర్, సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం) తీయలేకపోతున్నాం, రెండు రోజులు ఇచ్చి చూస్తే తప్పేముంది? ఇంట్లోవాళ్ళు రోజూ అడుగుతున్నారు, బిల్లు పెరుగుతోంది." తప్పేం లేదు. రెండు రోజులు ఇచ్చి చూడండి అనే నేనూ అంటున్నాను. రెండు రోజులు ఇచ్చి చూడడం వేరు, రెండు రోజులని మొదలుపెట్టి మూడో వారంలోకి జారిపోవడం వేరు. డ్యూటీ డాక్టరు మారతాడు, కొత్తగా వచ్చినాయన పాత ఆర్డరును అలాగే దింపుకుంటాడు, బిడ్డ బాగుంటే "మందు వల్ల బాగుంది, కదపొద్దు" అంటారు, బాగా లేకపోతే "బాగా లేనప్పుడు ఎలా ఆపుతాం" అంటారు. రెండువైపులా ఆ మందుకు ఉండడానికే కారణం దొరుకుతుంది, పోవడానికి దొరకదు. ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎక్కువున్న పిల్లలు, గుండెకు నీటి భారం నిజంగా ఉన్న పిల్లలు వేరే లెక్క, వాళ్ళకు ఇది నెలల తరబడి అవసరం కావచ్చు. వాళ్ళ పేరు చెప్పి మిగతా అందరికీ ఇవ్వకూడదు.

ఒకే రకం జబ్బున్న పిల్లలకు ఈ మందు వాడకం ఆసుపత్రికీ ఆసుపత్రికీ విపరీతంగా తేడా ఉంటుందని అమెరికాలోని పిల్లల ఆసుపత్రుల లెక్కల్లో బయటపడింది. జబ్బునుబట్టి అయితే ఇంత తేడా రాదు. అలవాటునుబట్టే వస్తుంది.

హైదరాబాదుకు ఇందులో ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు, ప్రపంచంలో ఏ దేశంలోనూ అంతమంది లేరు. చుట్టుపక్కల జిల్లాల్లో అలా పుట్టి ఊపిరి అందని బిడ్డల్లో చాలామంది చివరికి ఈ నగరానికే వస్తారు. 1953 నుంచి రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ దవాఖాన ఆ భారం మోస్తోంది, తర్వాత ప్రైవేటు ఎన్ఐసీయూలు ఊరంతా వెలిశాయి. బిడ్డ ఇక్కడ బాగవుతుంది. తర్వాత నారాయణపేటకో నాగర్‌కర్నూలుకో బస్సెక్కి వెళ్ళిపోతుంది. మందు రాసినవాళ్ళు ఇక్కడ, బిడ్డ అక్కడ. ఆపే ధైర్యం ఎవరికుంటుంది?

నారాయణపేట వైపునుంచి వచ్చిన ఒక తల్లి మా క్లినిక్‌లో అన్న మాట: "సిస్టర్, గీ మందు ఎన్ని దినాలు పొయ్యాలె? మా ఊరి డాక్టరు సార్‌ని అడిగితే, నేనైతే బందు చెయ్యనమ్మా, పెద్ద దవాఖానోళ్ళే చెప్పాలె అన్నడు." ఆమె సంచిలోంచి తీసి చూపించింది. 40 మిల్లీగ్రాముల మాత్ర పావుముక్క నూరి, 10 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, అందులో 2 మిల్లీలీటర్లు పోయమన్నారట. సిరంజి మీద అంకెలు అరిగిపోతాయని 2 దగ్గర ఎర్ర గోళ్ళరంగుతో గీత పెట్టుకుంది. ఒక్క పూట కూడా తప్పలేదు. డిశ్చార్జి నాటికి 1900 గ్రాములున్న బిడ్డ అప్పటికి 4 కిలోలు. మోతాదు ఎవరూ మార్చలేదు కాబట్టి, కిలో లెక్కన చూస్తే మందు సగానికంటే తగ్గిపోయింది, అయినా బిడ్డ శుభ్రంగా ఊపిరి తీసుకుంటోంది, పాలు లాగి తాగుతోంది. ఆ బిడ్డకు మందు అవసరం ఎప్పుడో తీరిపోయిందని ఆ ఒక్క లెక్కే చెబుతోంది. మా డాక్టరమ్మ సాచురేషన్ నిద్రలో కూడా చూసి, గుండె స్కానింగ్ (ఎకో) తీయించి, రక్తపరీక్ష చూసి ఆపేశారు. వారం తర్వాత మళ్ళీ రప్పించి చూశారు. ఏ తేడా లేదు.

బరువుతోపాటు మోతాదు పెంచకుండా, బిడ్డే మందును దాటి ఎదిగేలా వదిలేయడం చాలామంది డాక్టర్లు తెలిసి చేసే పద్ధతే. మంచి పద్ధతి. కానీ అలా అనుకుంటున్నామని కాగితం మీద రాయాలి. రాయకపోతే మధ్యలో ఇంకో డాక్టరు బరువు చూసి, "అరెరె, డోసు చాలదు" అని రెట్టింపు చేస్తారు. అలా రెట్టింపు చేసుకుని మా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. ఒక బిడ్డకు రెండు కిడ్నీల్లోనూ సున్నం చేరింది. ఆ తండ్రి ఆటో నడుపుతాడు, ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని "మంచి మందే కదా మేడం, ఎట్లయింది?" అని అడిగాడు. మందు మంచిదే. ఎప్పుడు చాలు అని చెప్పేవాళ్ళు లేకపోయారు.

నేను కోరేది పెద్ద యంత్రాంగం కాదు. మొదలుపెట్టేముందు ఆక్సిజన్ ఎంత, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, బరువు ఎంత, సోడియం, క్లోరైడు ఎంత అని ఒక వరుసలో రాయాలి. మూడో రోజున, మహా అయితే వారానికి, అదే వరుసలో కింద మళ్ళీ రాయాలి. మారకపోతే ఆ రోజే ఆపాలి. మారితే కూడా, ఏ తేదీన తగ్గించి చూస్తారో రాయాలి. నోటిద్వారా ఇస్తున్నన్నాళ్ళూ వారానికోసారి లవణాల పరీక్ష, వారాలు దాటితే కిడ్నీ స్కానింగ్. చెవి పరీక్ష బెరా పద్ధతిలోనే, అంటే శబ్దం నరం గుండా మెదడు దాకా చేరుతోందా అని చూసేలాగే చేయించాలి. ఎన్ఐసీయూలో ఉన్న పిల్లలకు లోపలి చెవిని మాత్రమే చూసే ఓఏఈ ఒక్కటే చేస్తే నరం దగ్గరి లోపం తప్పిపోతుంది. కంటి రెటీనా పరీక్ష విషయంలో ఈ నగరంలోనే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్ళు వార్డులకు వచ్చి చూసే పద్ధతి పెట్టి, నెలలోపు చూడాలన్న మాటను అందరి నోటా పలికించారు. చెవికీ కిడ్నీకీ అంత పట్టుదల ఇంకా రాలేదు.

నిజంగా పనిచేసే మందుల మీద ఇంత శ్రద్ధ పెట్టమని కూడా అడుగుతాను. 1972లో న్యూజీలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ చూపించినట్టు నెలలు నిండకముందే నొప్పులొచ్చిన తల్లికి సకాలంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు ముందే సిద్ధమవుతాయి. నెలతక్కువ బిడ్డ ఊపిరి తీయడం ఆపకుండా ఇచ్చే కెఫీన్ సంగతి చూడండి: 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన 2006 మంది పిల్లల మీద చేసిన ప్రయోగంలో, 36 వారాల నాటికి ఇంకా ఆక్సిజన్ కావలసినవాళ్ళు కెఫీన్ తీసుకోనివారిలో 47 శాతం ఉంటే, తీసుకున్నవారిలో 36 శాతమే. తల్లిపాలు, తల్లి రొమ్ముమీద చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టడం, చేతులు కడుక్కోవడం – వీటికి బిల్లు రాదు, కాబట్టి వీటికి షీటులో చోటు కూడా తక్కువే దొరుకుతోంది. ఊపిరితిత్తిని కాపాడేవి ఇవి.

ఇది చదివే అమ్మానాన్నలకు, ముఖ్యంగా ఇంటికి లాసిక్స్ సీసాతో వెళ్ళినవాళ్ళకు ఒక మాట. నేను రాసింది చదివి ఇంట్లో మీరే మందు ఆపేయకండి. కొందరు పిల్లలకు అది నిజంగా కావాలి, ఆపితే రెండు మూడు రోజుల్లో ఆయాసం తిరగబెట్టవచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు మందు సీసా, సిరంజి, పాత ఫైలు అన్నీ పట్టుకెళ్ళండి. ఈ మందు ఎందుకు, ఎప్పుడు ఆపి చూస్తారు, బిడ్డ బరువు పెరిగింది కదా మోతాదు కావాలనే అలా ఉంచారా అని అడగండి. జవాబు ఫైలులో రాయించుకోండి. ఈలోపు బిడ్డకు వాంతులో విరేచనాలో పట్టుకున్నా, పాలు సరిగా తాగకపోయినా, డైపరు ఎప్పటికంటే బాగా తక్కువ తడిసినా, ఆ పూట మందు పోసేముందు ఆసుపత్రికి ఫోను చేసి అడగండి. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు నీరు తీసే మందు పోయకూడదు.